మేక పొదుగు రోజుకి ఎన్నిసార్లు ఖాళీ కావాలి?

(విశాఖపట్నంలో పెందుర్తి వైపు మేకలు పెంచుకునే కుటుంబాల కోసం జరిగిన చిన్న సమావేశంలో, రిటైరైన ఒక పశువైద్యురాలు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయిన వాళ్ల కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనకున్న వాళ్లకి వినబడుతోందా? ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగా ఉంది. ఆ గోడ పక్కన నిలబడ్డ అమ్మలు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. పాలు పితికేది ఎక్కువగా మీరే. మీరు వెనక నిలబడితే నేనెవరికి చెప్పాలి?

మేకల పెంపకం గురించి అన్నీ చెప్పమని నన్ను అడిగారు. అన్నీ చెబితే ఒక్కటీ గుర్తుండదు. నేను ఒకే ఒక్క ప్రశ్న పట్టుకుంటాను. పాడి మేకని రోజుకి ఎన్నిసార్లు పితకాలి? ఒక పూటా, రెండు పూటలా, మూడు పూటలా? పూట పెంచితే పాలు పెరుగుతాయా? పూట తగ్గిస్తే ఎంత పోతుంది? ఇంతే.

మీలో కొందరు అనుకోవచ్చు, మా మేకలు మాంసానికే కదా, అర లీటరు పాలకి ఇంత లెక్క ఎందుకని. నిజమే. మన ఉత్తరాంధ్రలో మేకంటే అమ్మవారి పండగకి పోతు, అవసరానికి అమ్ముకునే ఆస్తి. 2019 పశుగణన ప్రకారం దేశంలో దాదాపు 14.9 కోట్ల మేకలున్నాయి. అన్ని మేకలున్నా దేశంలో వచ్చే పాలల్లో వాటి వాటా మూడు శాతం దగ్గరే. కానీ ఈ మధ్య మీలో కొంతమంది బీటల్, జమునాపారి లాంటి పాడి జాతి మేకలు తెచ్చారు. ఎంవీపీ కాలనీ నుంచీ, మధురవాడ నుంచీ మేకపాల కోసం ఫోన్లు వస్తున్నాయి. వానాకాలంలో డెంగీ మొదలైతే ఇక ఫోన్లే ఫోన్లు.

ఆ మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెప్పి ముందుకి వెళ్తాను. మేకపాలు తాగితే ప్లేట్‌లెట్లు పెరుగుతాయనడానికి గట్టి వైద్య ఆధారం లేదు. జ్వరంతో ఉన్న మనిషి కోసం ఎవరైనా వస్తే పాలు ఇవ్వండి, తప్పు లేదు. కానీ ముందు ఆస్పత్రికి తీసుకెళ్లమని చెప్పండి. పాలు కాచి తాగమని చెప్పండి. పచ్చిపాలలోనే గుణం ఉందని ఎవరన్నా ఒప్పుకోకండి. బ్రూసెల్లోసిస్ అనే జబ్బు పచ్చిపాలతో మనిషికి వస్తుంది. పట్టుకుందంటే నెలల తరబడి జ్వరం, కీళ్లనొప్పులు. సరేనా? ఇక పొదుగు దగ్గరికి వద్దాం.

పాలు ఎప్పుడు తయారవుతాయి? మనం గిన్నె పట్టుకుని కూర్చున్నప్పుడా? కాదు. మేక మేస్తున్నప్పుడు, పడుకున్నప్పుడు, నెమరు వేస్తున్నప్పుడు, రాత్రీ పగలూ పాలు ఊరుతూనే ఉంటాయి. పొదుగు పైభాగంలో కంటికి కనపడనంత చిన్న చిన్న పాలగుళ్లు లక్షల సంఖ్యలో ఉంటాయి. ఒక్కో గుల్ల గోడకి ఉన్న కణాలు రక్తంలోంచి సరుకు తీసుకుని పాలు చేస్తాయి. ఆ పాలు సన్నటి కాలవల్లోంచి కిందికి దిగి, చన్నుకి పైనున్న పెద్ద ఖాళీ జాగాలో చేరతాయి. దాన్ని పాలతొట్టి అందాం.

ఇక్కడే మేకకీ గేదెకీ పెద్ద తేడా ఉంది. గేదెల్ని పితికిన చేతులు ఇక్కడ ఎన్ని ఉన్నాయి? చాలానే ఉన్నాయి. మరి చెప్పండి, గేదె చేపకుండా పాలొస్తాయా? రావు. దూడని వదలాలి, పొదుగు నిమరాలి, దాణా పెట్టాలి. ఎందుకని? గేదె పొదుగులో పాలతొట్టి చాలా చిన్నది. పితికే వేళకి ఉన్న పాలల్లో తొట్టిలో ఉండేది అయిదు శాతం దగ్గరే. మిగతాదంతా పైన గుళ్లలోనే ఉంటుంది. చేపినప్పుడు ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదలై ఆ గుళ్లని నొక్కితేనే కిందికి దిగుతుంది. ఆవులో తొట్టి పాలు ఇరవై శాతం చిల్లర. మరి మేకలో? డెబ్బై నుంచి ఎనభై శాతం! చూశారా తేడా? మేడ మీద పెద్ద నీళ్ల ట్యాంకు ఉన్న ఇంటికీ, కుళాయి వచ్చినప్పుడే పట్టుకోవాల్సిన ఇంటికీ ఉన్నంత తేడా. మేక దగ్గర ట్యాంకు ఉంది. అందుకే పిల్లని వదలకపోయినా, చన్ను పట్టుకుంటే మేక పాలు ఇచ్చేస్తుంది.

ట్యాంకు పెద్దది కాబట్టి గేదె కంటే మేక ఎక్కువ గంటల ఎడం తట్టుకుంటుంది. ఇది మొదట గుర్తుపెట్టుకోండి. తట్టుకుంటుంది అన్నాను. నష్టం లేదని అనలేదు.

నష్టం ఎక్కడుంది? పొదుగు నిండితే ఒత్తిడి పెరిగి పాలు ఊరడం ఆగిపోతుందని చాలాకాలం అందరూ అనుకున్నారు. మీకూ అలాగే అనిపిస్తుంది కదా? నిండిన కుండలోకి ఇంకేం పోస్తాం? అసలు సంగతి అది కాదని తేల్చింది మేకలే. ఆవుల మీద కాదమ్మా, మేకల మీద చేసిన పరిశోధన ఇది. నాకు చాలా ఇష్టమైన సంగతి, కొంచెం నిదానంగా చెబుతాను.

స్కాట్లండ్‌లో ఎయిర్ అనే ఊరి దగ్గర హన్నా రిసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది. 1980లలో అక్కడ మాల్కం పీకర్ బృందం ఒక పని చేసింది. మేకకి ఉండేవి రెండే చన్నులు, పొదుగు రెండు భాగాలు. ఒక భాగాన్ని ఎప్పట్లాగే రెండు పూటలు పితికారు. రెండో భాగాన్ని మూడు పూటలు పితికారు. మేక ఒకటే. మేత ఒకటే, నీళ్లు ఒకటే. రెండు భాగాలకీ వెళ్లే రక్తం ఒకటే, అందులోని హార్మోన్లూ ఒకటే. ఏమైంది? మూడు పూటలు పితికిన వైపే పాలు పెరిగాయి. రెండు పూటలే పితికిన వైపు పెరగలేదు. అంటే మేక మొత్తానికి ఎవరో లోపల్నుంచి ఆర్డరు వెయ్యలేదు. పొదుగులో ఏ భాగానికి ఆ భాగమే లెక్క చూసుకుంటోంది, నా దగ్గర్నుంచి పాలు తీశారా, తియ్యలేదా అని.

అక్కడితో ఆగలేదు. మూడో పూట పాలు తీసేసి, తీసినన్ని పాలకి సరిపడా చక్కెర ద్రావణాన్ని తిరిగి పొదుగులోకి ఎక్కించారు. అంటే పొదుగు మళ్లీ నిండుగానే ఉంది, ఒత్తిడి ఒత్తిడిగానే ఉంది. మరి పాలు తగ్గాలి కదా? తగ్గలేదు, పెరిగాయి! దాన్నిబట్టి ఏం తేలింది? తయారీని అడ్డుకునేది ఒట్టి ఒత్తిడి కాదు. నిలవున్న పాలల్లోనే ఏదో ఉంది. 'ఇక చాలు, నెమ్మదించు' అని ఆ పాలే కణాలకి చెబుతున్నాయి. 1995లో అదే సంస్థ వాళ్లు పాలలోని ఒక ప్రొటీన్‌ని ఆ పదార్థంగా చూపించారు. తర్వాత వచ్చిన వాళ్లు సెరటోనిన్ అనే రసాయనం అన్నారు, కేసీన్ అనే పాల ప్రొటీన్ విరిగి వచ్చే ముక్కలన్నారు, ఆ వాదన ఇంకా నడుస్తోంది. మనకి కావలసిన మాట మటుకు మారలేదు. నిలవ పాలు కొత్త పాలని ఆపుతాయి. తీస్తే ఆ అడ్డు పోతుంది.

ఇంకో విచిత్రం చెప్తాను. ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జి దగ్గర బాబ్రహాంలో లింజెల్ అనే శాస్త్రవేత్త మేక పొదుగుని మెడ దగ్గరికి మార్చి అతికించాడు. నరాల సంబంధం తెగిపోయింది, రక్తనాళాలు మాత్రమే కలిపారు. ఆ పొదుగు అక్కడ కూడా పాలిచ్చింది. మనం పొదుగుని ఏదో సంచి అనుకుంటాం. అది సంచి కాదు, తన పని తానే చూసుకునే అవయవం. నరాల సాయం లేకపోయినా పాలు చేయగలదు. కానీ లోపలున్న పాలు బయటికి తియ్యకుండా మటుకు ఆ పని కొనసాగించలేదు.

ఇప్పుడు మన ఊళ్ల సంగతికి వస్తాను. మీలో చాలామంది చేసే పద్ధతి ఏమిటి? సాయంత్రం పిల్లల్ని తల్లి నుంచి విడగొడతారు, గంప కింద మూస్తారు. తెల్లారి లేచి పాలు పితుకుతారు. తర్వాత పిల్లల్ని వదిలేస్తారు, పగలంతా తల్లితోనే తిరుగుతాయి. అవునా? 'మేం ఒక పూటే పితుకుతాం డాక్టరమ్మా' అంటారు. కాదమ్మా! మీరు ఒక పూట పితుకుతున్నారు. పిల్లలు పగలంతా పితుకుతూనే ఉన్నాయి. ఎన్నోసార్లు వచ్చి తాగుతున్నాయి. ఆ పొదుగు లెక్కలో అది ఒక పూట కాదు.

తర్వాత ఏం జరుగుతుంది? పండగ వస్తుంది, బక్రీదు వస్తుంది, లేదా ఇంట్లో ఫీజు కట్టాల్సి వస్తుంది. పోతుపిల్లల్ని అమ్మేస్తారు. మర్నాటి నుంచి తల్లిని మీరు మాత్రమే పితుకుతారు, అదీ ఉదయం ఒక్క పూట. మొదటి రెండు రోజులు గిన్నె నిండుగా వస్తుంది. 'పిల్లలు తాగేవి కూడా మనకే వస్తున్నాయి' అని సంతోషం. వారం తిరిగేసరికి పాలు సగానికి పడతాయి. అప్పుడు ఏమంటారు? దిష్టి తగిలిందంటారు. పిల్లల మీద బెంగ పెట్టుకుందంటారు. మేత మారిందంటారు. ఎర్రనీళ్లు తిప్పి పోస్తారు, మిరపకాయలు దిగదుడుస్తారు. ఏమ్మా, మీ ఇంట్లో జరగలేదా ఇది? తలూపుతున్నారు కదా. రోజంతా ఖాళీ అవుతుండే పొదుగు ఒక్కసారిగా ఇరవై నాలుగు గంటలకొకసారి ఖాళీ అయ్యే పొదుగయింది. నిలవ పాలు ఆపమన్నాయి, అది ఆపింది.

కాబట్టి, పిల్లల్ని అమ్మిన రోజు సాయంత్రమే రెండో పూట పితకడం మొదలుపెట్టండి. మర్నాడు కాదు, ఆ రోజే. పిల్లలు లేని మేక మొదట కాస్త బెదురుతుంది, గిన్నెలో కాలు పెడుతుంది. గుప్పెడు దాణా పెట్టి నిలబెట్టండి. ఇవాళ నేను చెప్పిందాంట్లో ఇంటికి తీసుకెళ్లాల్సింది ఏది అంటే నేను దీన్నే అంటాను.

ఇప్పుడు లెక్కలు. రెండు పూటల నుంచి ఒక పూటకి దిగితే ఎంత పోతుంది? స్పెయిన్‌లో ముర్సియానో-గ్రనదీనా అనే జాతి మీద చూశారు, సుమారు 18 శాతం తగ్గింది. ఫ్రాన్స్‌లో ఆల్పైన్ మేకల్లోనూ పదిహేను శాతం పైమాటే. కానరీ దీవులని ఉన్నాయి, అక్కడ ఆనవాయితీగానే మేకల్ని ఒక పూట పితుకుతారు. తరతరాలుగా అలాగే పితికి, దానికి తట్టుకునే పెద్ద తొట్టి పొదుగులున్న మేకల్నే నిలుపుకున్నారు. అక్కడి కొన్ని జాతుల్లో నష్టం పది శాతం లోపే. గమనించండి, ఒక పూట తగ్గిస్తే సగం పాలు పోతాయని అందరూ భయపడతారు. పోవు. బాగా మేపే మేకలో పోయేది అయిదో వంతు లోపు. పైగా ఒక పూట పాలు చిక్కగా ఉంటాయి, వెన్న శాతం కాస్త పెరుగుతుంది. జున్ను, పనీరు చేసేవాళ్లకి అది కలిసొస్తుంది.

మరి ఇందాక సగానికి పడిపోయిందన్నారు కదా అని ఎవరో అడగబోతున్నారు. మంచి అనుమానం. అక్కడ తేడా రెండు పూటలకీ ఒక పూటకీ మధ్య కాదు. రోజంతా తాగే పిల్లలకీ ఒక పూటకీ మధ్య. పైగా మన నాటు మేక పాడి మూడు నాలుగు నెలల్లోనే దిగిపోతుంది, మీరు పిల్లల్ని అమ్మే వేళకి అది ఎలాగూ దిగుడులో ఉంటుంది. రెండూ కలిసొచ్చాయి.

ఇంకో గడియారం కూడా ఉంది. పాలగుళ్లలో కణాలు ఒకదాన్నొకటి గట్టిగా అంటిపెట్టుకుని గోడ కట్టినట్టు ఉంటాయి. పితికి ఇరవై ఒక్క గంటలు దాటితే మేకల్లో ఆ అతుకులు వదులవుతాయి. అప్పుడు రక్తంలోని సోడియం పాలలోకి వస్తుంది, లాక్టోజు, అంటే పాలలోని చక్కెర, రక్తంలోకి పోతుంది. పాలు రుచి చూస్తే చప్పగానో ఉప్పగానో ఉంటాయి. ఇరవై నాలుగు గంటల ఎడం అంటే ఈ గీత దాటినట్టే. పాలు ఉప్పగా ఉంటే ముందు పొదుగువాపు ఉందేమో చూడండి, అది లేకపోతే ఎడం ఎంతయిందో చూడండి.

సరే, మూడో పూట. మూడో పూట పితికితే మామూలుగా పది శాతం అటూ ఇటూ పెరుగుతుంది, మంచి పాడి మేకల్లో ఇంకొంచెం ఎక్కువ. కొన్ని వారాలు కొనసాగిస్తే కణాలు చురుగ్గా పనిచేస్తాయి. నెలల తరబడి కొనసాగిస్తే కణాలు ఎక్కువ సంఖ్యలో నిలబడతాయి. శాస్త్రం అలా చెబుతోంది. మరి నేను మీకు మూడో పూట చెప్పనా?

లెక్క వేయండి. అర లీటరు ఇచ్చే నాటు మేకలో పది శాతమంటే 50 మిల్లీలీటర్లు. దానికోసం మధ్యాహ్నం రెండింటికి, ఈ విశాఖ ఉక్కలో, మేతకి వెళ్లిన మేకని వెనక్కి తేవాలి, కట్టాలి, పొదుగు కడగాలి, పితకాలి, గిన్నెలు తోమాలి. ఎవరు చేస్తారు? ఉదయం నాలుగింటికి లేచిన అమ్మే చేస్తుంది. ఆవిడ మధ్యాహ్నం గంట నిద్ర విలువ ఆ 50 మిల్లీలీటర్ల కంటే ఎక్కువ. మగవాళ్లు వినండి, ఇది మీకే చెబుతున్నాను. మూడో పూట కావాలంటే మీరు పితకండి.

రెండు లీటర్లు, రెండున్నర ఇచ్చే బీటల్ లాంటి మేకలున్న వాళ్ల సంగతి వేరు. ఈనిన మొదటి రెండు మూడు నెలలు, మేక పాడి ఎక్కువగా ఉండే కాలం. సాయంత్రం వేళ కాకముందే పొదుగు బిగిసిపోయి, కాళ్లు ఎడంగా పెట్టి నడుస్తుంటే, అలాంటి మేకకి మూడో పూట పెట్టండి. లాభం ఉంది, మేకకి సుఖం కూడా. కానీ ఒక షరతు. పెరిగిన పాలకి మేత పెరగాలి. సుబాబుల్, అవిశె, మునగాకు ఉండాలి, దాణా ఉండాలి. పాలల్లో నూటికి ఎనభై ఏడు పాళ్లు నీళ్లే, కాబట్టి తొట్టిలో ఎప్పుడూ మంచినీళ్లు ఉండాలి. మేపకుండా పూట పెంచితే మేక తన ఒంటి కండ కరిగించి ఇస్తుంది. వెన్నెముక తేలిపోయిన మేకలు నేను చాలా చూశాను, మళ్లీ చూలు కట్టవు, కట్టినా పిల్లలు బలంగా పుట్టవు. అది పాలు పెంచుకోవడం కాదు, మేకని అరగదీయడం.

మూడో పూట గురించి ఆలోచించేముందు ఉన్న రెండు పూటలూ సరిగ్గా జరుగుతున్నాయా చూడండి. పూర్తిగా తీస్తున్నారా? తొట్టి పాలు సులువుగా వచ్చేస్తాయి కాబట్టి మేకని సగంలో వదిలేయడం సులువు. పైన గుళ్లలో మిగిలిపోయేవే వెన్న ఎక్కువున్న పాలు. ధార సన్నబడ్డాక పొదుగుని కింద నుంచి పైకి రెండు మూడుసార్లు మెత్తగా నొక్కండి, పిల్ల తలతో కుమ్మినట్టు. మళ్లీ ధార వస్తుంది, తీసెయ్యండి. చన్నుని లాగకండి, పిడికిలితో పితకండి.

నేను చెప్పాల్సింది చెప్పాను. అడగండి.

(ఇక్కడి నుంచి ప్రశ్నలు. అడిగిన వాళ్ల పేర్లు రాయలేదు.)

'మాకు ఉదయం నాలుగింటికి, సాయంత్రం ఆరింటికి వీలవుతుంది. పన్నెండేసి గంటలు కుదరదు. పర్లేదా?' అని అడుగుతున్నారు. పర్లేదమ్మా. పద్నాలుగు, పది గంటల ఎడమైనా మేకకి పెద్ద తేడా రాదు, ట్యాంకు ఉందని చెప్పాను కదా. గేదెకైతే ఇంత ధైర్యంగా చెప్పను. కాకపోతే ఏ వేళ పెట్టుకున్నా రోజూ అదే వేళ ఉంచండి.

పెళ్లికి వెళ్లి ఒక సాయంత్రం మానేస్తే? పాడి మధ్యలో ఉన్న, ఆరోగ్యంగా ఉన్న మేక ఒక్క పూట తప్పితే ఏమీ కాదు. మర్నాడు పూర్తిగా తియ్యండి, ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. టెన్షన్ పడకండి. కొత్తగా ఈనిన మేకనీ, పొదుగువాపు ఉన్న మేకనీ మటుకు అలా వదలకండి, ఎవరికైనా అప్పగించి వెళ్లండి.

చూడి మేక సంగతి. మేక చూలు అయిదు నెలలు. ఈనడానికి రెండు నెలల ముందే పాలు ఆపించాలి. అప్పుడు ఇవాళ చెప్పిందాన్నే తిరగేసి వాడతాం. దాణా తగ్గించండి, ఒక పూటకి దించండి, పాలు బాగా తగ్గాక పూర్తిగా ఆపేయండి. ఆపాక జాలేసి మధ్యమధ్యలో కాస్త కాస్త తీస్తారు కొందరు. తియ్యకండి, తీసిన ప్రతిసారీ మళ్లీ చెయ్యమని చెప్పినట్టే. పొదుగు ఎర్రబడినా, వేడిగా ఉన్నా అప్పుడు డాక్టరుకి చూపించండి.

ఆఖరున ఆ బాబు. గట్టిగా అడుగు నాయనా. 'మా మేకకి ఒక చన్ను పెద్దది, ఒకటి చిన్నదయిపోయింది. పిల్ల ఒక వైపే తాగుతోంది.' చాలామంది ఇళ్లలో ఉంటుంది ఇది. ఒంటరి పిల్ల పుట్టినప్పుడు ఎక్కువ. ఇందాక స్కాట్లండ్‌లో చేశారని చెప్పానే, అదే పని మీ ఇంట్లో ఆ పిల్ల చేస్తోంది. తాగిన వైపు ఊరుతోంది, తాగని వైపు ఆగుతోంది. ముందు ఆ చిన్న వైపు గట్టిగా ఉందా, గడ్డ ఉందా, పాలు విరిగినట్టు వస్తున్నాయా చూడు. అలా ఉంటే అది జబ్బు, రేపే చూపించు. మెత్తగా ఉండి, పాలు తెల్లగా వస్తుంటే మాత్రం ఇవాళ సాయంత్రం నుంచి ఆ వైపు నువ్వు రెండు పూటలా పూర్తిగా పితుకు. ఈని ఎన్నాళ్లయింది? నెల లోపేనా? అయితే చాలావరకు తిరిగొస్తుంది.